అద్దంలో గొడుగు

షోరూములో ఆవిడకు అసలు పేరొకటి ఉందన్న సంగతి జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. మిగతా రోజులన్నీ ఆవిడ మరకలక్క. షోరూము యజమాని సారుకూ మరకలక్కే, లెక్కలు చూసేవాళ్లకూ మరకలక్కే. చివరికి టీ తెచ్చే మనిషి కూడా "మరకలక్కా, చల్లారిపోతోంది" అని గుమ్మంలోంచే కేకేస్తాడు.

అల్మారాలు, మంచాలు, వంటగది గట్లు చేసి బిగించే షోరూమది. వచ్చినవాళ్లకు, పని మొదలుపెట్టకముందే, రేపు మీ గది ఇదిగో ఇలా ఉంటుంది అని కంప్యూటర్లో చూపించాలి. ఆ బొమ్మను త్రీడీ అంటారు. అచ్చం ఫోటోలాగే ఉంటుంది, ఫోటో తియ్యడానికి గది మాత్రం ఇంకా ఎక్కడా ఉండదు. ఇలాంటి బొమ్మలు చేసేవాళ్లు బోలెడుమంది. వాళ్లు చేసిన గదులు స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చున్న మనుషుల్లా ఉంటాయి. నేల తళతళలాడుతూ, దుప్పటికి ముడతన్నది లేకుండా, గోడకు పుట్టి బుద్ధెరిగి ఒక చెయ్యి తగలనట్టు.

మరకలక్క అలా వదలదు. స్విచ్చి బోర్డు చుట్టూ వేళ్లు తగిలి తగిలి వచ్చే మసక పెడుతుంది. తలుపు కింది అంచున చెప్పు రాసుకున్న గీత పెడుతుంది. దిండు మధ్యలో, ఎవరో ఇప్పుడే తలెత్తి లేచి వెళ్లినట్టు, ఒక గుంట నొక్కుతుంది. మొదట్లో సారు తల పట్టుకున్నాడు.

"కొత్త ఇల్లమ్మా అది. కొనేవాళ్లకు మరకలు చూపిస్తావేంటి?"

"మరక లేకపోతే నమ్మరు సార్. నమ్మకపోతే కొనరు."

కొన్నారు. ఆ తరవాత సారు నోరెత్తలేదు.

ఈ పని ఆవిడకు ఎవరూ నేర్పలేదు. అంతకుముందు ఒక ఫోటో స్టూడియోలో ఏళ్ల తరబడి మొహాలు బాగుచేసింది. పుట్టుమచ్చలు, మొటిమలు, కళ్ల కింద చారలు చెరిపెయ్యడం అక్కడి పని. స్టూడియో మూతపడ్డాక, పక్కవాళ్ల భుజం మీంచి తొంగిచూసి, అడిగి, తిట్లు తిని ఇది పట్టుకుంది. "అక్కడ చెరిపినవన్నీ ఇక్కడ తిరిగి పెట్టేస్తున్నా, బాకీ తీరిపోతుంది" అని నవ్వుతుంది. గోడ మీద గీత చూసి ఏ కాలి చెప్పు తగిలిందో చెప్పగలదని షోరూములో ఆవిడకు పేరు. ఆ పేరంటే ఆవిడకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇంట్లో ఆవిడా, తండ్రీ. తల్లి పోయి చాలా కాలమైంది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. క్లచ్చి తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిపోయింది. కుర్చీలో కూర్చుంటే ఆ కాలు చాపాల్సిందే. ఆయనకు మంచినీళ్లు అందించడం, మందులు గుర్తుచెయ్యడం, చొక్కాకు గుండీలు కుట్టడం అన్నీ ఆవిడే. మధ్యాహ్నం పూట ఆయన డిపోకు వెళ్లి పాత స్నేహితులతో కబుర్లు చెప్పుకుని చీకటి పడేలోగా ఇల్లు చేరతాడు. ఈ మధ్య ఒక మతిమరుపు మాత్రం పట్టుకుంది. గొడుగు బస్సులో మరిచిపోయి వచ్చాడు. పిడి పగిలితే ఆవిడే నీలం టేపు చుట్టి బాగుచేసిన గొడుగు.

"ఇన్నేళ్లు బస్సునే పోగొట్టకుండా ఎలా నడిపావు నాన్నా?"

"బస్సుకు కండక్టరుండేవాడే. గొడుగుకు ఎవరున్నారు?"

ఆవిడ కొత్త గొడుగు కొనిచ్చింది. తరవాత మఫ్లరు, డిపోలో ఎవరికో చలేస్తోందంటే ఇచ్చేశానన్నాడు. ఆ తరవాత రేడియో, రిపేరుకిచ్చాను, ఆ మెకానిక్కేమో ఊరెళ్లాడు అన్నాడు. వయసు మీద పడితే ఇంతేలే అని ఆవిడ సరిపెట్టుకుంది.

ఆ రోజుల్లోనే ఒక పడగ్గది పని వచ్చింది. ఎవరో పోస్టాఫీసులో చేసి రిటైరైన ఆవిడ, సొంత ఇల్లు, పాత పడగ్గదిని కొత్తగా చేయించుకోవాలట. సారుతోనే ఫోన్లో మాట్లాడుతుంది. ఆవిడ చెప్పిన మార్పులన్నీ సారు గాజు తలుపులోంచి తల పెట్టి మరకలక్కకు అందిస్తుంటాడు.

"మంచం కాస్త ఎత్తు పెంచాలట. ఎడమ మోకాలు సరిగా వంగని పెద్దాయన ఉన్నారట."

పెంచింది. మర్నాడు మళ్లీ తల.

"పడక్కుర్చీ ముందు ఎడమ కాలికి ఒక స్టూలు."

పెట్టింది. మళ్లీ తల.

"తల దగ్గర రేడియోకి గూడట. కుడివైపు దీపం. ఆయన కుడివైపు తిరిగి పడుకుని పేపరు చదువుతాడట."

"ఆయనెవరో గాని మా నాన్నకు జోడీ సార్. ఈ వయసువాళ్లనందరినీ ఒకే అచ్చులో పోస్తారేమో."

"ఇంకోటి. పక్కనున్న చిన్న గదిలో కంప్యూటర్ బల్ల. తెర మీద ఎండ పడకూడదట."

"అదెవరికి?"

"చెప్పలేదు. పెట్టెయ్."

ఎవరికో తెలియని గది మీద ఆవిడకు మనసు నిలవలేదు. కిటికీకి ఎదురుగా ఒక బల్ల పడేసి చేతులు దులుపుకుంది. పడగ్గది మీద మాత్రం ప్రాణం పెట్టింది. అన్నీ కుదిరాక బొమ్మ పంపితే, సారు మళ్లీ తల పెట్టాడు.

"అంతా బాగుందట. కానీ ఏదో వెలితిగా ఉందట. మనిషి తిరిగే గదిలా లేదంది."

మరకలక్కకు ఆ మాట సూదిలా గుచ్చుకుంది. బొమ్మను ముందేసుకుని కూర్చుంది. గోడ చూసింది, దుప్పటి చూసింది, నేల చూసింది. చివరికి దొరికింది దొంగ. అల్మారా తలుపుకు నిలువుటద్దం ఉంది. అద్దంలో ఎదుటి గోడ కనపడాలి. ఎదుటి గోడ ఆవిడ కట్టలేదు, బొమ్మలో పడని వైపు ఎవరూ కట్టరు. దాంతో అద్దంలో ఉత్త బూడిదరంగు. గది మొత్తం నిజం చెబుతుంటే అద్దం ఒక్కటీ అబద్ధమాడుతోంది.

దీనికి మందుంది. ఇళ్లకు వెళ్లి కొలతలు తెచ్చే కొలతలాయన దగ్గర గుండ్రటి కెమెరా ఒకటుంది. గది మధ్యలో కర్ర మీద నిలబెట్టి, తను బయటికి వెళ్లి నొక్కితే, గోడలూ పైకప్పూ నేలా అన్నీ ఒకేసారి పడతాయి. ఆ ఫోటోను బొమ్మ చుట్టూ తెరలా కట్టేస్తే అద్దాల్లో, గాజులో, స్టీలులో నిజమైన ఇల్లే మెరుస్తుంది. ఆ ఫోటోను ఫోటోలా ఎవరూ చూడరు. ఒలిచిన నారింజ తొక్కను నేల మీద పరిచినట్టు గోడలు సాగిపోయి, కుర్చీలు వంకరపోయి ఉంటుంది. మరకలక్క కూడా చూడలేదు. ఆ పాత పడగ్గది ఫోటో తెచ్చుకుని, చుట్టూ కట్టేసి, కంప్యూటర్ను పనిలో పెట్టి, టీ గ్లాసు అందుకుంది.

బొమ్మ తయారయ్యేటప్పుడు మొదట ఇసుక చల్లినట్టు ఉంటుంది. చూస్తుండగా రవ్వ మీద రవ్వ తేలి, మెల్లగా తేటపడుతుంది. మంచం తేటపడింది. దీపం తేటపడింది. అద్దంలో ఇంకా ఇసుకే ఉంది, ఆ ఇసుకలో ఒకచోట నీలం చుక్కలు. ఏదో లోపమనుకుని ఆవిడ ఆ ముక్కను పెద్దది చేసింది.

నీలం చుక్కలు దగ్గరకు చేరి పట్టీ అయ్యాయి. పట్టీ ఒక పిడి చుట్టూ తిరిగింది. పిడి కింద నల్లటి గుడ్డ. గోడ మీది కొక్కేనికి గొడుగు వేలాడుతోంది.

నీలం టేపు ఎవరైనా చుట్టుకోవచ్చు. కానీ చివర అంటుకోకపోతే దారంతో ముడివేసింది ఆవిడే. ముడి కూడా తేటపడింది.

టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో ఆవిడకు తెలియలేదు. కళ్లు తిప్పుకుందామనుకుంది, అవి కదల్లేదు. గొడుగు పక్కన కిటికీ గట్టు మీద రేడియో. ఊరెళ్లిన మెకానిక్ దగ్గరున్న రేడియో. దాని కింద పేము కుర్చీ. కుర్చీలోంచి ఒక ఎడమ కాలు పీట మీదికి చాచి ఉంది. మెడ చుట్టూ మఫ్లరు. ఆవిడ తండ్రి.

పక్కనుంచి ఎవరో స్త్రీ చెయ్యి కప్పు అందిస్తోంది. మనిషి కనపడదు, చెయ్యే. ఆయన తలెత్తి ఆ మనిషిని చూస్తూ నవ్వుతున్నాడు. పక్క పన్ను ఊడిన సందు కనపడేలా నవ్వుతున్నాడు. ఫోటో తీస్తానంటే మూతి బిగించేసే మనిషి. స్టూడియోలో అంతకాలం చేసి కూడా, సొంత తండ్రి నవ్వు ఒక్కటి ఆవిడ పట్టలేకపోయింది. అది ఇక్కడ, ఎవరి అద్దంలోనో, పడి ఉంది.

"అయిందా?" సారు గాజు తలుపులోంచి తల పెట్టాడు. "బ్రహ్మాండంగా వచ్చిందే. అరె, అద్దంలో ఎవరో పెద్దాయన పడ్డాడు. చెరిపెయ్. రేపు ఆవిడే స్వయంగా చూడ్డానికి వస్తోంది."

చెరిపెయ్ అన్న మాట ఆవిడ చెవిలో చాలాసేపు తిరిగింది. లేచి, కొలతలాయన బల్ల దగ్గరకు వెళ్లింది.

"అన్నా, ఆ పోస్టాఫీసావిడ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఇద్దరే. ఆలుమగలు. గదిలోంచి బయటికి రండి సార్ ఫోటో తీయాలి అంటే, కాలు పట్టేసింది లేవలేనన్నాడు ఆయన. ఎవరు చూస్తార్లే అని తీసేశా. ఏం, పడ్డాడా?"

"ఆలుమగలని వాళ్లు చెప్పారా?"

"చెప్పాలా ఏంటి? టీలో చక్కెర చాల్లేదన్నాను. ఆవిడ లేవబోతే నువ్వు కూర్చో అని ఆయనే కుంటుకుంటూ వెళ్లాడు. డబ్బా ఎక్కడుందని ఒక్క మాట అడక్కుండా తెచ్చాడు. చెప్పాలా?"

తలనొప్పిగా ఉందని సారుకు చెప్పి ఆవిడ బయటపడింది. రోజూ నడిచే వీధే. మందుల షాపు, తాళాలు చేసేవాడి గూడు, మూల మలుపులో గోడకు ఆనించిన నిచ్చెన. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఎవరో బొమ్మ గీసి పెట్టినట్టు ఉన్నాయి. ఇంటి తాళం తీసి లోపలికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

కొత్త ఇంటిని చూసినట్టు చూసింది. రేడియో ఉండే చోట, బల్ల మీద, చుట్టుపక్కల కంటే తేటగా ఒక నలుచదరం. పాత గొడుగు తగిలించే మేకు కింద గోడ మీద తడి దిగిన చార, పాతబడి ఎండిపోయింది. షేవింగ్ బ్రష్షు లేదు. ఆయనకు ఇష్టమైన అంచు విరిగిన గ్లాసు లేదు. ఇల్లు ఆవిడ కళ్ల ముందే, ఒక్కొక్క సామానుగా, చప్పుడు లేకుండా తరలిపోతోంది. ఎక్కడెక్కడి గోడల మీదో గీతలు చదివే మనిషి, ఇంట్లో ఇన్ని ఖాళీలను తుడిచి తుడిచి పెట్టుకుందే గాని చూడలేదు.

చీకటి పడబోతుండగా తండ్రి వచ్చాడు. చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, ఎడమ కాలు చాపుకున్నాడు.

"తొందరగా వచ్చావే బుజ్జమ్మా."

"నాన్నా, గొడుగు దొరికిందా?"

"ఏ గొడుగు?"

"నీలం టేపుది."

"అది బస్సులో పోయిందని చెప్పానుగా."

"దొరికింది. ఎవరిదో పడగ్గదిలో కొక్కేనికి వేలాడుతోంది. పక్కన రేడియో కూడా ఉంది. ఆ మెకానిక్ ఊరినుంచి వచ్చేసినట్టున్నాడు."

తండ్రి కళ్లజోడు తీసి తుడిచాడు. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు. ఆయన మొహంలో భయం కనపడుతుందనుకుంది ఆవిడ. కనపడింది వేరేది, బరువు దించుకున్నవాడి అలసట.

"హమ్మయ్య. స్టూలు చూసి పోల్చుకున్నావా?"

ఆవిడ ఆయన చాపిన ఎడమ కాలి వైపు చూసింది.

"ఎడమ కాలికి స్టూలని నేనే చెప్పించాను. అది చూడగానే తెలుసుకుంటావనుకున్నా. తెలుసుకోలేదు. రేడియో గూడన్నాం, కుడివైపు దీపమన్నాం. రోజూ నువ్వింటికి రాగానే నీ మొహం చూసేవాణ్ణి, తెలిసిందేమోనని. నువ్వేమో మందులేసుకున్నావా అని అడిగేదానివి."

"నోరు లేదా నాన్నా నీకు?"

"ఉంది. నీ ముందు రాదు."

"నీ కాపురానికి బొమ్మ నా చేత గీయించావా?"

"ఇంకెవరైనా అయితే బాగా గియ్యరు కదా."

ఆయన వేళాకోళానికి అనలేదు. నిజంగానే అన్నాడు. ఆవిడ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"అమ్మ ఉన్నప్పటి నుంచీనా?"

"అమ్మ ఉన్నప్పుడు ఆవిడ ప్యాసింజరు. నా వెనక సీట్లో కూర్చునేది, పోస్టాఫీసు దగ్గర దిగేది. అద్దంలో కనపడేది. అద్దంలో అందరూ కనపడతారు, అటు చూడకపోతే బస్సు నడపలేం. ఒక్క మాట మాట్లాడి ఎరగను. డ్రైవరుతో మాట్లాడరాదని పైన రాసే ఉంటుంది." ఆయన కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "మొన్నామధ్య కళ్లాసుపత్రిలో వరసలో కూర్చున్నాను. కళ్లలో చుక్కలేశారు, ఏమీ కనపట్లేదు. వెనకనుంచి ఎవరో, మీరు బస్సు డ్రైవరు కదండీ అన్నారు. మీకెలా తెలుసండీ అన్నాను. మెడ చూసి పోల్చుకున్నానంది. ఇన్నేళ్లూ నేను చూసింది మీ మెడే కదండీ అంది."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ ఆ మెడ వైపు చూసింది. ఎండకు కమిలిన ముడత ఒకటి, దాని కింద పుట్టుమచ్చ. ఆ పుట్టుమచ్చ ఉందని ఆవిడకు తెలియదు.

"ఆ చిన్న గది ఎవరికి నాన్నా?"

"తెర మీద ఎండ పడితే ఇంట్లో గోల పెట్టేదెవరు?"

"నేను రాను."

"తెలుసు. అదే చెప్పాను. వచ్చినా రాకపోయినా గది ఉండాలంది ఆవిడ."

ఆయన మడిచిన కళ్లజోడు వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు వద్దంటే గొడుగు తెచ్చేస్తాను."

"గొడుగొక్కటేనా?"

"రేడియో కూడా."

"నువ్వో?"

"నేనూ వచ్చేస్తాను. చివరి స్టాపు ఇదే అనుకుంటాను." గొంతు మామూలుగా పెట్టడానికి ఆయన చాలా అవస్థ పడ్డాడు. ఆవిడ వద్దంటే మానేస్తాడు. ఆ సంగతే ఆవిడను అన్నిటికంటే ఎక్కువగా హడలగొట్టింది. ఒక్క మాట చాలు, అద్దంలోని ఆ నవ్వు చెరిగిపోతుంది. చెరపడం ఆవిడకు బాగా తెలిసిన పని.

లేచి వంటగదిలోకి వెళ్లింది. టీకి నీళ్లు పెట్టింది. ఎందుకు అడిగిందో తనకే తెలియదు, అక్కడినుంచే అడిగింది.

"నాన్నా, చక్కెర డబ్బా ఎక్కడుంది?"

"నీ కుడిచేతి పక్క పై అరలో. పసుపు మూత. మూత బిగుసుకుపోయి ఉంటుంది, చెంచా వెనక భాగంతో లేపు."

ఆవిడ డబ్బా అందుకుంది. మూత బిగుసుకుపోయే ఉంది.

"తెలిసినవాడివి ఒక్కరోజూ తియ్యలేదేం?"

"నువ్వు తియ్యనిస్తేగా బుజ్జమ్మా."

నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి. ఆవిడ స్టవ్వు కట్టేసి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం షోరూములో మాట్లాడే గొంతే.

"ఆ స్టూలు ఎత్తు తప్పు చెప్పారు మీరు. అంత ఎత్తయితే తొడ నరం పట్టేస్తుంది. దించాలి. ఆ చిన్న గదిలో బల్ల కూడా తిప్పాలి. కిటికీకి ఎదురుగా పెట్టాను, కళ్లు పోతాయి."

తండ్రి తలెత్తాడు. "నువ్వు రానన్నావుగా."

"ఉండను. ఆదివారాలు వచ్చి కూర్చుంటాను. అప్పుడైనా కళ్లు కావాలి కదా." లోపలి వైపు చెయ్యి చూపించింది. "నీళ్లు మరిగాయి. వచ్చి టీ నువ్వు కలుపు."

మర్నాడు పొద్దున్నే షోరూముకు వెళ్లి ఆ రెండూ సరిచేసింది. అద్దంలో కూడా ఒక చిన్న పని చేసింది. సారు ఏదో అడగబోయి, ఆవిడ మొహం చూసి తలుపు దగ్గరకు వేసుకున్నాడు.

పోస్టాఫీసావిడ మధ్యాహ్నం వచ్చింది. బక్కపలచటి మనిషి, మోచేతికి పెద్ద సంచి. మరకలక్క తెర వైపు తిరిగి కూర్చుని ఉంది. వెనక అడుగుల చప్పుడు దగ్గరకొచ్చి ఆగిపోయింది. సారు పరిచయం చెయ్యబోయేలోపే ఆవిడ సన్నగా అంది.

"అచ్చం వాళ్ల నాన్న మెడే."

మరకలక్క వెనక్కి తిరగలేదు. తిరిగితే తనేమైపోతుందో తనకే తెలియదు. కుర్చీ మాత్రం కొంచెం పక్కకు జరిపింది, తెర కనపడేలా.

మంచం, దీపం, స్టూలు అన్నీ చూసుకుంటూ వచ్చి, అద్దం దగ్గర ఆవిడ చూపు ఆగింది. మోచేతి సంచి జారి నేల మీద పడింది. తీసుకోవడానికి వంగలేదు. తెరకు ఇంకా దగ్గరగా జరిగింది.

"ఈయన ఇందులో ఎలా..."

"పొరపాటండీ, పాత ఫోటోలోది పడింది" అన్నాడు సారు కంగారుగా. "నిన్ననే చెరిపెయ్యమన్నాను. ఏంటమ్మా ఇది?"

"ఉండనివ్వండి" అంది పోస్టాఫీసావిడ. అని, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద, మరకలక్క భుజానికి తగిలీ తగలనట్టు, ఆనించుకుంది. చాలాసేపు అలాగే చూసింది. చూస్తూ చూస్తూ కనుబొమలు ముడిచింది.

"అమ్మా, కొక్కేనికి రెండు గొడుగులున్నాయేం? మా ఇంట్లో నీలం టేపుది ఒకటే ఉంది. ఈ రెండోది ఎవరిది?"

"అది మొన్న కొనిచ్చానండీ. ఇంకా మా ఇంట్లోనే ఉంది." మరకలక్క అప్పుడు వెనక్కి తిరిగింది. "రేపో ఎల్లుండో బస్సులో పోగొట్టుకుంటారు."